చిట్టి దేశాలు చూడాలంటే: వీసా దగ్గర్నుంచి ముద్ర దాకా

పశ్చిమ ఆస్ట్రేలియాలో లెనార్డ్ కాస్లీ అనే రైతు వేల ఎకరాల్లో గోధుమ వేశాడు. పంట చేతికొచ్చే వేళకు ప్రభుత్వం కోటా పెట్టింది. వేసిన దాంట్లో చాలా చిన్న భాగం మాత్రమే అమ్ముకోవడానికి ఆయనకు అనుమతి దొరికింది. అర్జీలు పెట్టుకున్నా ఫలితం లేకపోవడంతో 1970 ఏప్రిల్ 21న తన 75 చదరపు కిలోమీటర్ల పొలాన్ని స్వతంత్ర దేశంగా ప్రకటించాడు. దాని పేరు హట్ రివర్. సొంత తపాలా బిళ్లలు, సొంత నాణేలు, వచ్చిన వాళ్ల పాస్‌పోర్ట్‌లో వేసే సొంత ముద్ర. పెర్త్ నుంచి 500 కిలోమీటర్ల దూరమైనా జనం చూడటానికి వెళ్లేవారు. ఆ దేశాన్ని ఏ ప్రభుత్వమూ గుర్తించలేదు. అయినా అది యాభై ఏళ్లు నడిచింది.

ఇలాంటి వాటిని మైక్రోనేషన్లు అంటారు. ఈ వ్యాసంలో వాటిని చిట్టి దేశాలు అంటాను. ప్రపంచంలో ఇవి వందల్లో ఉన్నాయి. చాలావరకు వెబ్‌సైట్ దాటి బయటికి రావు. కాలు పెట్టి చూడగలిగినవి కొన్నే. వాటికి వెళ్లే వాళ్లకు ముందుగా ఒక మాట. అక్కడ ప్రజలకూ ప్రభుత్వానికీ ఏ విషయంలో గొడవ వచ్చిందో తెలుసుకుని బయల్దేరండి. పన్ను, పంట కోటా, జిల్లా హద్దు, ఇల్లు కట్టుకునే అనుమతి, నీళ్ల పైపు... దాదాపు ప్రతి చిట్టి దేశం వెనకా ఇలాంటి మామూలు తగాదా ఒకటి ఉంటుంది. అది తెలియకపోతే రంగు వేసిన చెక్క గది, జెండా, బొమ్మలమ్మే దుకాణం మాత్రమే కనిపిస్తాయి. అక్కడ నిలబడి ఉండటానికి పది నిమిషాలు కూడా ఎక్కువే అనిపిస్తుంది.

మొదటి అడుగు: ఏది దేశం, ఏది కాదు

వాటికన్, మొనాకో, సాన్ మారినో ఎంత చిన్నవైనా నిజమైన దేశాలే. వాటిని మైక్రోస్టేట్లు అంటారు. ఈ వ్యాసం వాటి గురించి కాదు. 1933 నాటి మాంటెవీడియో ఒప్పందం దేశానికి నాలుగు లక్షణాలు చెప్పింది: స్థిరమైన జనాభా, నిర్దిష్టమైన భూభాగం, ప్రభుత్వం, ఇతర దేశాలతో సంబంధాలు నెరపగల శక్తి. చిట్టి దేశాలు తమకు ఈ నాలుగూ ఉన్నాయని వాదిస్తాయి. మిగతా ప్రపంచం ఒప్పుకోదు.

ప్రయాణం చేసేవారికి దీని అర్థం ఒక్కటే. సెబోర్గాలో ఉన్నంతసేపూ మీరు ఇటలీలో ఉన్నట్టే. మొలోసియాలో ఉంటే అమెరికాలో ఉన్నట్టే. వీసా, పోలీసు, ఆసుపత్రి, ట్రాఫిక్ చలానా అన్నీ ఆ పెద్ద దేశానివే. చిట్టి దేశపు రాజుగారు రాసిచ్చిన కాగితం విమానాశ్రయంలో చెల్లదు.

రెండో అడుగు: ఆ దేశం ఇంకా ఉందా, లోపలికి రానిస్తారా

టికెట్ కొనకముందే ఇది తేల్చుకోవాలి. పైన చెప్పిన హట్ రివర్‌నే తీసుకోండి. పాత గైడ్ పుస్తకాల్లో అది ఇప్పటికీ కనిపిస్తుంది. కాస్లీ 2019లో చనిపోయాడు. 30 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల పన్ను బకాయి, దానికి తోడు కరోనా వచ్చిపడటంతో 2020 ఆగస్టు 3న ఆయన కొడుకు దేశాన్ని రద్దు చేసి భూమి అమ్మకానికి పెట్టాడు. ఇటలీ తీరంలో 1968లో ఒక ఇంజినీరు సముద్రం మీద వేదిక కట్టి ప్రకటించిన రోజ్ ఐలాండ్‌ది ఇంకా తక్కువ ఆయుష్షు. మరుసటి ఏడాదే ఇటలీ నౌకాదళం దాన్ని పేల్చేసింది.

బతికి ఉన్న వాటిలోనూ తేడాలున్నాయి. లిథువేనియాలో ఉజుపిస్, ఇటలీలో సెబోర్గా, స్వీడన్‌లో లడోనియా, న్యూజిలాండ్‌లో ఫాంగామొమోనా, అమెరికాలో కీ వెస్ట్‌కు ఎవరైనా ఎప్పుడైనా వెళ్లొచ్చు. డెన్మార్క్ రాజధానిలోని క్రిస్టియానియా తనను దేశమని కాకుండా స్వేచ్ఛా పట్టణమని చెప్పుకుంటుంది. అక్కడికీ నేరుగా వెళ్లొచ్చు. నెవాడాలోని మొలోసియాకు ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. వియన్నాలోని కుగెల్‌ముగెల్‌ను మామూలుగా ముళ్లకంచె బయటి నుంచే చూడాలి.

సీలాండ్ గురించి చాలామంది అడుగుతారు కాబట్టి వివరంగా చెబుతాను. ఇంగ్లండ్ సఫోక్ తీరం నుంచి 12 కిలోమీటర్ల దూరంలో, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కట్టిన రఫ్స్ అనే కోట అది. రెండు బోలు కాంక్రీటు స్తంభాలు, వాటి మీద ఒక వేదిక. సముద్రం మీద నుంచి అనుమతి లేని రేడియో నడిపిన రాయ్ బేట్స్ 1967 సెప్టెంబర్ 2న దాన్ని దేశంగా ప్రకటించాడు. మరుసటి ఏడాది తుపాకీ కేసులో కోర్టు, ఆ చోటు బ్రిటన్ జలాల హద్దుకు అవతల ఉంది కాబట్టి తమ పరిధిలోకి రాదని చెప్పడంతో ఆయనకు కొండంత బలం వచ్చింది. 1987లో బ్రిటన్ తన హద్దును 12 నాటికల్ మైళ్లకు పెంచుకుంది. దాంతో ఆ వాదన బలహీనపడింది. సీలాండ్‌లో పర్యాటక యాత్రలు లేవు. ఆహ్వానం లేనిదే పైకి రానివ్వరు. పైకి చేరాలన్నా పడవ నుంచి వించ్‌తో లాగించుకోవాల్సిందే. కాబట్టి సీలాండ్‌ను మీ పట్టికలో నుంచి తీసేయండి.

లిబర్‌లాండ్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. డాన్యూబ్ నది పడమటి ఒడ్డున గోర్న్యా సీగా అనే 7 చదరపు కిలోమీటర్ల అడవి ఉంది. క్రొయేషియా అది సెర్బియాదంటుంది. సెర్బియా తనది కాదంటుంది. ఆ సందులో 2015 ఏప్రిల్ 13న చెక్ రాజకీయ కార్యకర్త వీట్ యెడ్లిచ్కా అక్కడ జెండా పాతాడు. ఆ భూమి మీద కాపలా మాత్రం క్రొయేషియా పోలీసులదే. వెళ్లిన వాళ్లను అరెస్టు చేశారు, 2023లో అక్కడి కట్టడాలను కూల్చేశారు. 2023 జనవరి 1 నుంచి క్రొయేషియా షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో ఉంది. అంటే సెర్బియా వైపు నుంచి పడవలో ఆ ఒడ్డుకు దిగితే షెంగెన్ సరిహద్దును దొంగదారిన దాటినట్టు లెక్క. యూరప్‌లో చదువుకుంటున్న మన పిల్లలకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. ఒక్క ఫొటో కోసం స్టూడెంట్ వీసాను పణంగా పెట్టకండి.

ఇవి కాక నేల లేని దేశాలున్నాయి. మన వాళ్లందరికీ తెలిసిన ఉదాహరణ 2019లో నిత్యానంద పేరుతో ప్రచారంలోకి వచ్చిన కైలాస. ఈక్వెడార్‌లో దీవి కొన్నారన్న వార్తలు రాగానే, తాము ఆశ్రయం ఇవ్వలేదనీ భూమి కొనడానికి సాయం చేయలేదనీ ఆ దేశ ప్రభుత్వం ప్రకటించింది. అమెరికాలోని న్యూఆర్క్ నగరం 2023లో దానితో సోదర నగర ఒప్పందం చేసుకుని, సంగతి తెలిశాక రద్దు చేసుకుంది. వెళ్లి చూడటానికి అక్కడ ఊరంటూ లేదు.

మూడో అడుగు: వీసా

ఉజుపిస్, సెబోర్గా, లడోనియా, క్రిస్టియానియా, కుగెల్‌ముగెల్ అన్నీ షెంగెన్ పరిధిలోనే ఉన్నాయి. ఒక్క వీసాతో ఐదూ చూడొచ్చు. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా పెట్టాలి. పెద్దవాళ్లకు ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, సర్వీసు చార్జీలు అదనం. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. చాలా దేశాల దరఖాస్తు కేంద్రాలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. రాత్రుల సంఖ్య సమానమైతే మొదట దిగే దేశానికి పెట్టాలి.

దరఖాస్తులోనూ కవరింగ్ లెటర్‌లోనూ చిట్టి దేశం పేరును గమ్యంగా రాయకండి. ఉజుపిస్ గణతంత్రం అని రాస్తే అధికారికి అనుమానాలు వస్తాయి. విల్నియస్, లిథువేనియా అని రాయండి. అది అబద్ధం కాదు, మీరు వెళ్లేది అక్కడికే. సెబోర్గా అయితే మున్సిపాలిటీగా ఇటలీ రికార్డుల్లోనే ఉంది కాబట్టి ఊరి పేరుగా రాసినా ఇబ్బంది లేదు.

అమెరికాలో ఉన్న వాళ్లకు మొలోసియా, కీ వెస్ట్ దేశీయ ప్రయాణాలే, కొత్త వీసా అక్కర్లేదు. వయసు మళ్లిన అమ్మానాన్న సందర్శకుల వీసా మీద వచ్చినప్పుడు వాళ్లనీ తీసుకెళ్లొచ్చు.

నాలుగో అడుగు: ముద్ర ఎక్కడ వేయించుకోవాలి

పాస్‌పోర్ట్‌లో మాత్రం వేయించుకోకండి. ఈ విషయంలో నేను చాలా గట్టిగా ఉంటాను. చిట్టి దేశాల్లో చాలావాటి దగ్గర ముద్ర ఉంటుంది, ఆప్యాయంగా అడిగి మరీ వేస్తారు. పాశ్చాత్య ప్రయాణికులు పాస్‌పోర్ట్ చాచేస్తారు. వాళ్ల మాట వేరు. మన పాస్‌పోర్ట్ భారత ప్రభుత్వ ఆస్తి. అందులో అనుమతి లేకుండా మార్పులు చేయడం పాస్‌పోర్ట్ చట్టం కింద నేరం. పర్యాటక స్థలాల్లో వేసే సరదా ముద్రలున్నాయని విమానయాన సంస్థలు కొందరిని విమానం ఎక్కనివ్వని సందర్భాలు ఇతర దేశాల పాస్‌పోర్ట్‌లున్న వాళ్లకు కూడా జరిగాయి. ప్రతి వీసాకూ పాస్‌పోర్ట్‌లోని పేజీలన్నీ చూపించాల్సిన మనకు ఆ టెన్షన్ ఎందుకు?

దానికి బదులు అరచేతిలో పట్టేంత, గట్టి అట్ట ఉన్న నోటుపుస్తకం ఒకటి కొనండి. ముద్రలన్నీ అందులో వేయించుకోండి. ప్రతి ముద్ర పక్కన తేదీ, వేసిన వారి పేరు, వాళ్లు చెప్పిన ఒక్క మాట రాసుకోండి. సిరా ఆరేదాకా పేజీల మధ్య పలచని కాగితం పెట్టండి. షెంగెన్ సరిహద్దుల్లో 2025 అక్టోబర్ నుంచి ముద్రల బదులు వేలిముద్రలు, ఫొటోలు తీసుకునే కంప్యూటర్ పద్ధతి మొదలైంది. అసలు దేశాల ముద్రలు పోతున్న ఈ రోజుల్లో ఇలాంటి పుస్తకం దాచుకోదగ్గ వస్తువు.

ఐదో అడుగు: గొడవ ఏంటో తెలుసుకోండి

మార్గదర్శిలో ఇదే ముఖ్యమైన భాగం. మూడు చోట్లను కాస్త తీరిగ్గా చూద్దాం.

సెబోర్గా ఇటలీలోని లిగూరియాలో, ఫ్రాన్స్ సరిహద్దుకు దగ్గర్లో, కొండ మీద ఉన్న, సుమారు మూడు వందల జనాభా గల ఊరు. 954లో వెంటిమిలియా ప్రభువు దీన్ని లెరాన్స్ మఠానికి దానమిచ్చాడని ఊరివాళ్లు చెబుతారు. ఆ సన్యాసులు 17వ శతాబ్దంలో ఇక్కడ నాణేలు కూడా ముద్రించారు. 1729లో మఠం దీన్ని సవోయ్ రాజుకు అమ్మేసింది. 1960ల్లో జార్జియో కార్బోనే అనే పూల సాగుదారు పాత కాగితాలు తిరగేసి ఒక వాదన లేవదీశాడు. ఆ అమ్మకం ఎక్కడా సక్రమంగా రిజిస్టర్ కాలేదు కాబట్టి సెబోర్గా చట్టప్రకారం సవోయ్ రాజ్యంలో గానీ, 1861లో ఏర్పడ్డ ఇటలీలో గానీ కలవలేదని. భూమి పత్రాల తగాదాలు ఎరిగిన మనకు ఈ వాదన కొత్తగా అనిపించదు. 1963లో ఊరివాళ్లు ఆయన్ని జార్జియో ప్రథముడిగా ఎన్నుకున్నారు. 1995 ఏప్రిల్‌లో ఓటింగ్ పెడితే స్వాతంత్ర్యానికి అనుకూలంగా 304 ఓట్లు, వ్యతిరేకంగా 4 పడ్డాయి. ఇటలీ పట్టించుకోలేదు. ఊరివాళ్లు ఇటలీకి పన్నులు కడుతూనే ఉన్నారు, ఇటలీ ఎన్నికల్లో ఓటేస్తూనే ఉన్నారు. కార్బోనే 2009లో కన్నుమూశాడు. ఇప్పుడు నీనా మెనెగాట్టో రాకుమారి. 2019లో ఎన్నికైన ఆమె ఆ పదవిలో తొలి మహిళ.

ఊరి మొదట్లో తెలుపు, నీలం రంగుల కాపలా గది కనిపిస్తుంది. చాలామంది అక్కడ ఫొటో దిగి, బజారులో లుయిజీనో నాణెం కొనుక్కుని వెనక్కి వెళ్లిపోతారు. మీరు అలా చేయకండి. లుయిజీనో విలువను 6 అమెరికా డాలర్లుగా నిర్ణయించారు. అయితే దుకాణాల్లో లెక్కలన్నీ యూరోల్లోనే. రాతి సందుల్లో నడిచి, చర్చి ముందు కూర్చుని, వయసు పైబడిన వాళ్లెవరైనా కనిపిస్తే 1995 ఓటింగ్ గురించి అడగండి. ఇటాలియన్ రాకపోతే ఫోన్‌లో అనువాదం పెట్టుకోండి. శాకాహారులకు తిండి ఇబ్బంది లేదు. ఆ తీరప్రాంతంలో శనగపిండితో చేసే ఫరినాటా దొరుకుతుంది. ఫ్రాన్స్‌లోని నీస్ దాకా విమానంలో వచ్చి, రైల్లో వెంటిమిలియా మీదుగా బోర్డిగెరా చేరి, అక్కడి నుంచి బస్సులో గానీ టాక్సీలో గానీ కొండెక్కాలి. బస్సులు రోజుకు కొన్నే ఉంటాయి కాబట్టి తిరుగు బస్సు వేళ చూసుకున్నాకే పైకి వెళ్లండి.

ఉజుపిస్ కథ వేరు. విల్నియస్ పాతబస్తీ పక్కన, విల్నియా నదికి అవతలి ఒడ్డున ఉన్న పేట అది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అక్కడ యూదులు ఎక్కువగా ఉండేవారు. నాజీల మారణహోమంలో వాళ్లను చంపేశారు. తరవాత సోవియట్ కాలంలో ఇళ్లు పాడుబడ్డాయి, చీకటి పడితే జనం అటువైపు వెళ్లడానికి భయపడేవారు. అద్దె చవకని కళాకారులు చేరారు. 1997 ఏప్రిల్ 1న వాళ్లు స్వతంత్ర గణతంత్రం ప్రకటించారు. మరుసటి ఏడాది రోమాస్ లిలేకిస్, తోమాస్ చెపాయ్‌టిస్ రాజ్యాంగం రాశారు. పావుపియో వీధి గోడ మీద అద్దంలా మెరిసే లోహపు పలకలపై అది అనేక భాషల్లో కనిపిస్తుంది. భారతీయ భాషల పలకలూ ఉన్నాయి, వెతకండి.

ఆ పలకల ముందు పర్యాటకులు కుక్క గురించి, పిల్లి గురించి రాసిన అధికరణాలు చదివి నవ్వుకుంటారు. కుక్కకు కుక్కలా ఉండే హక్కుంది. పిల్లి యజమానిని ప్రేమించి తీరాలని లేదు, కష్టకాలంలో మాత్రం ఆదుకోవాలి. బాగానే ఉంటాయి. మీరు రెండో అధికరణం దగ్గర ఆగండి. ప్రతి ఒక్కరికీ వేడినీటి హక్కు, చలికాలంలో వెచ్చదనపు హక్కు, పెంకుల కప్పు హక్కు ఉన్నాయని అందులో ఉంది. వేడినీళ్లూ సరైన పైకప్పూ లేని ఇళ్లలో చలికాలాలు గడిపిన వాళ్లు రాసుకున్న మాట అది. రాజ్యాంగం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వాక్యం అదే.

ఈ రోజు ఆ పేటలో ఇళ్ల ధరలు బాగా పెరిగాయి, కాఫీ దుకాణాలు నిండిపోయాయి. వంతెన దగ్గర బోర్డు మీద నవ్వే ముఖం, గంటకు 20 కిలోమీటర్ల వేగం, మోనాలిసా, నదిలోకి పడుతున్న కారు బొమ్మలుంటాయి. కూడలిలో 2002లో నిలబెట్టిన, బాకా ఊదే దేవదూత విగ్రహం ఉంది. ఏప్రిల్ 1న వెళ్తే వంతెన దగ్గరే నిలబడి ముద్రలు వేస్తారు. ఆ రోజు రద్దీ ఎక్కువ. మిగతా రోజుల్లో సమాచార కేంద్రంలో అడగండి. విల్నియస్ కేథడ్రల్ నుంచి నడిచి వెళ్లేంత దూరమే.

లడోనియా ఈ మూడింటిలో కష్టమైనది, నాకు దగ్గరైనది కూడా. దక్షిణ స్వీడన్‌లో కుల్లాబెర్గ్ అభయారణ్యం ఉంది. అక్కడ కొండ అంచున, మనిషి పెద్దగా తిరగని రాళ్ల తీరంలో లార్స్ విల్క్స్ అనే కళాకారుడు 1980లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన కర్రలను మేకులతో కలిపి కట్టడం మొదలుపెట్టాడు. దాని పేరు నిమిస్. అధికారులకు ఆ సంగతి తెలియడానికే రెండేళ్లు పట్టింది. అభయారణ్యంలో కట్టడాలు నిషేధం కాబట్టి తీసేయమన్నారు. ఆయన తీయలేదు. కేసులు ఏళ్ల తరబడి నడిచాయి. ఆయన 1991లో ఆర్క్స్ అనే కాంక్రీటు శిల్పాన్ని కూడా మొదలుపెట్టి, 1996 జూన్ 2న ఆ చోటును దేశంగా ప్రకటించాడు. విల్క్స్ 2021లో రోడ్డు ప్రమాదంలో మరణించాడు. నిమిస్ ఇంకా అక్కడ నిలిచే ఉంది, గాలికీ అలలకూ కొంచెం కొంచెం కూలుతోంది.

దారికి సంబంధించి కొన్ని ఖచ్చితమైన సూచనలు. ఆరిల్డ్ ఊరికి దగ్గర్లోని హిమ్మెల్‌స్టోర్ప్ పాత రైతు ఇంటి దగ్గర్నుంచి నడక మొదలవుతుంది. అధికారిక బోర్డులు ఉండవు. చెట్ల మీద పసుపు రంగుతో రాసిన ‘ఎన్’ అక్షరాలు చూసుకుంటూ దిగాలి. చివరి భాగం నిటారుగా ఉంటుంది, వానపడితే జారుతుంది. గట్టి పట్టున్న బూట్లు తప్పనిసరి. శాండల్స్‌తో వెళ్లకండి. మేకులు పైకి తేలి ఉంటాయి కాబట్టి పిల్లలను కర్రల సొరంగాల్లో ఒంటరిగా వదలొద్దు. కింద నీళ్లు, టాయిలెట్, దుకాణం ఏవీ లేవు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను దించకపోవడమే మంచిది, తిరిగి ఎక్కడం దిగడం కన్నా కష్టం.

ఆరో అడుగు: ఒకరి ఇంటికి వెళ్తున్నామని గుర్తుంచుకోండి

చిట్టి దేశాల్లో కొన్ని అక్షరాలా ఒక కుటుంబం ఇల్లు, పెరడు. నెవాడాలోని డేటన్ దగ్గరున్న మొలోసియా అలాంటిదే. కెవిన్ బా 1977లో, పిల్లవాడిగా ఉన్నప్పుడు, స్నేహితుడితో కలిసి ఊహించుకున్న రాజ్యం అది. తరవాత 1990ల చివర్లో మొలోసియాగా మారింది. ఇప్పుడు 11 ఎకరాల పైచిలుకు నేల మీద ఆయన అధ్యక్షుడు. దీని పుట్టుక వెనక తగాదా లేదు, చిన్ననాటి కోరిక ఒకటి ఎన్నటికీ వదలకపోవడం ఉంది. తాను కట్టే ఆస్తిపన్నును అమెరికాకు ఇచ్చే విదేశీ సాయంగా ఆయన చెప్పుకుంటాడు. వలోరా అనే కరెన్సీ విలువ బిస్కెట్ల పిండి ధరతో ముడిపడి ఉంటుంది. ఉల్లిపాయలు, పొగాకు, తుపాకులు నిషేధం.

సందర్శన ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా, ప్రకటించిన కొన్ని శనివారాల్లోనే ఉంటుంది. తేదీలు వాళ్ల వెబ్‌సైట్‌లో చూసి, ముందే రాసి, జవాబు వచ్చాకే వెళ్లాలి. అధ్యక్షుడు పతకాలున్న యూనిఫాంలో స్వయంగా ఎదురొచ్చి తిప్పి చూపిస్తాడు. తపాలా కార్యాలయం, బ్యాంకు, చిన్న రైలు అన్నీ చూడొచ్చు. చెప్పిన వేళకు చేరండి. తోచినంత ఆ దుకాణంలో కొనండి. ఉల్లిపాయ ఉన్న ఫలహారం కారులోనే వదిలేయండి, సరిహద్దు దగ్గర వాళ్లు అడిగే ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పండి. ఆ మనిషి దశాబ్దాలుగా ఒక్కో ఇటుకా పేర్చుకున్న లోకం అది. మర్యాదగా పాల్గొంటే ఆయనా మనసు విప్పి మాట్లాడతాడు.

కోపెన్‌హాగన్‌లోని క్రిస్టియానియాలో మర్యాద ఇంకో రకం. 1971 సెప్టెంబర్‌లో ఖాళీగా పడున్న సైనిక బ్యారక్‌ల కంచె దాటి వచ్చిన యువకులు మొదలుపెట్టిన పేట అది. గంజాయి బజారుగా పేరుపడ్డ పుషర్ స్ట్రీట్‌లో ముఠాల హత్యలు జరగడంతో, 2024 ఏప్రిల్‌లో అక్కడి నివాసులే వీధి రాళ్లు పెకలించి దాన్ని మూసేశారు. గంజాయి డెన్మార్క్‌లో నేరమే, లోపల ఎవరైనా ఇస్తామన్నా దూరంగా ఉండండి. ఫొటోలు వద్దన్న బోర్డు కనిపిస్తే ఫోన్ జేబులో పెట్టేయండి. కాలువ వైపు నడిస్తే నివాసులు సొంతంగా కట్టుకున్న ఇళ్లు కనిపిస్తాయి. ఆ పేటలో నిజంగా చూడాల్సింది అవే.

ఏడో అడుగు: డబ్బు, బిరుదులు, మోసాలు

ప్రభువు, నైట్ లాంటి బిరుదులు సీలాండ్ సహా కొన్ని చిట్టి దేశాలు అమ్ముతాయి. గోడకు తగిలించుకోవడానికి కొనుక్కుంటే తప్పేం లేదు. ఆ కాగితంతో ఉద్యోగం, వీసా, పన్ను మినహాయింపు వస్తాయని ఎవరన్నా చెబితే అది మోసం.

లడోనియా పౌరసత్వం ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తున్నారని తెలిసి పాకిస్థాన్ నుంచి సుమారు 3,000 మంది దరఖాస్తు పెట్టారు. అక్కడికి వెళ్లి బతకొచ్చని వాళ్లు నిజంగానే అనుకున్నారు. ఆ సంగతి తలుచుకుంటే బాధగా ఉంటుంది. మనకు దగ్గర్లో జరిగింది ఇంకోటి. 2025 జులైలో ఉత్తరప్రదేశ్ ఎస్టీఎఫ్ పోలీసులు ఘజియాబాద్‌లో ఒక ఇంట్లో నడుస్తున్న నకిలీ రాయబార కార్యాలయాన్ని పట్టుకున్నారు. వెస్టార్కటికా, సెబోర్గా లాంటి పేర్లతో తాను రాయబారినని ఒక వ్యక్తి చెప్పుకున్నాడని, దౌత్య నంబర్ ప్లేట్లున్న కార్లు, పాస్‌పోర్టులు, 44 లక్షలకు పైగా నగదు దొరికాయని, విదేశీ ఉద్యోగాల పేరిట జనాన్ని మోసం చేశాడని పోలీసులు తెలిపారు. వెస్టార్కటికా అంటే అంటార్కిటికా మంచు ముక్క తనదని ఒక అమెరికన్ 2001లో చేసిన ప్రకటన, అంతే. జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప ప్రాంతాల్లో గల్ఫ్ ఏజెంట్ల చేతిలో నష్టపోయిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఊళ్లో ఎవరన్నా పేరు వినని దేశం వీసా అంటూ డబ్బు అడిగితే, విదేశాంగ శాఖ జాబితాలో ఆ దేశం ఉందో లేదో చూడమని వాళ్లకు చెప్పండి.

ఎనిమిదో అడుగు: ఎప్పుడు, ఏ దారిలో

యూరప్‌లో నాకు నచ్చిన జంట క్రిస్టియానియా, లడోనియా. కోపెన్‌హాగన్‌లో ఒక రోజు ఉండి, రైల్లో హెల్సింగోర్‌కు, అక్కడి నుంచి 20 నిమిషాల ఫెర్రీలో స్వీడన్‌లోని హెల్సింగ్‌బోర్గ్‌కు, ఆపై బస్సుల్లో హొగనాస్ మీదుగా ఆరిల్డ్‌కు వెళ్లండి. మే నుంచి సెప్టెంబర్ మధ్య అయితే పగలు ఎక్కువ, దారి పొడిగా ఉంటుంది. వియన్నా వెళ్లే పనుంటే ప్రాటర్ పార్కులో జయంట్ వీల్ చూశాక కుగెల్‌ముగెల్‌కు కాస్త సమయం ఇస్తే చాలు. అనుమతి లేకుండా గోళాకారపు ఇల్లు కట్టిన ఎడ్విన్ లిప్‌బుర్గర్, అధికారులతో పోరాడి జైలుకు కూడా వెళ్లిన కళాకారుడు. 1982లో ఇల్లు ఈ పార్కుకు చేరింది. సెబోర్గాకు ఆగస్టు 20న వెళ్తే సెయింట్ బెర్నార్డ్ పండుగ చూడొచ్చు, ఎండ మాత్రం ఎక్కువే ఉంటుంది.

కాలిఫోర్నియా బే ఏరియాలో ఉండే తెలుగువాళ్లు లేక్ టాహోకు ఎలాగూ వెళ్తుంటారు. మొలోసియా అక్కడి నుంచి సుమారు గంట దూరమే. కాబట్టి శనివారం అపాయింట్‌మెంట్ దొరికాకే టాహో గది బుక్ చేసుకోండి, ముందు గది తీసుకుంటే తేదీ కుదరదు. ఫ్లోరిడాలో మయామీ నుంచి సముద్రం మీది వంతెనల దారిన కీ వెస్ట్ నాలుగు గంటల ప్రయాణం. 1982 ఏప్రిల్‌లో సరిహద్దు పోలీసులు ఆ దారికి అడ్డంగా తనిఖీ పెట్టి దీవి వాళ్లను విదేశీయుల్లా చూసేసరికి పర్యాటకులు రావడం తగ్గింది. డెన్నిస్ వార్డ్‌లో అనే మేయర్ ఏప్రిల్ 23న కాంక్ రిపబ్లిక్ ప్రకటించి, అమెరికాపై యుద్ధమని చెప్పి, ఒక నిమిషానికే లొంగిపోయి, వంద కోట్ల డాలర్ల సాయం అడిగాడు. తనిఖీ కేంద్రం ఎత్తేశారు. ఏటా ఏప్రిల్ చివర్లో ఉత్సవాలు జరుగుతాయి. గదుల అద్దెలు అప్పుడు బాగా ఎక్కువ, చాలా ముందే చూసుకోవాలి.

న్యూజిలాండ్‌లో ఉన్నవాళ్లు ఫాంగామొమోనాను వదలొద్దు. 1989లో ప్రాంతీయ హద్దులు మార్చి తమను తారానకీ నుంచి పక్క ప్రాంతంలో కలిపేశారని ఆ ఊరివాళ్లకు కోపం వచ్చింది. గణతంత్రం ప్రకటించారు. తరవాతి కాలంలో ఒక మేకనూ, ఒక పూడిల్ కుక్కనూ అధ్యక్షులుగా ఎన్నుకున్నారు. రెండేళ్లకోసారి జనవరిలో గణతంత్ర దినోత్సవం జరుగుతుంది, తేదీ ముందే కనుక్కోండి. ఊరి హోటల్లో పాస్‌పోర్ట్ అమ్ముతారు, ముద్ర వేస్తారు. ఆ హోటల్ ఉన్నది స్టేట్ హైవే 43 మీద. స్ట్రాట్‌ఫర్డ్ నుంచి టౌమరునుయ్ దాకా దాదాపు 150 కిలోమీటర్ల ఆ కొండదారిలో పెట్రోల్ బంకు లేదు, చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. ట్యాంకు నింపుకుని, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని, వెలుతురు ఉండగానే ఆ దారి దాటేలా బయల్దేరండి.